స్కూలు సెలవులు తప్పించి పాపికొండలు, దిండి: ఏ నెల, ఏ వారం, ఏ రోజు?

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లి నుంచి మీరిద్దరూ, అమ్మగారు, ఆరో తరగతి బాబు, యూకేజీ పాప వస్తారు. ఒకరోజు పాపికొండల బోటు, ఒక రాత్రి దిండిలో హౌస్‌బోటు. పోయినసారి దసరా సెలవుల్లో వచ్చి జనంలో నలిగిపోయారు, అందుకని ఈసారి స్కూళ్లు నడిచే రోజుల్లో రావాలనుకుంటున్నారు. ఆగస్టులో అయితే ఖాళీగా ఉంటుందని మీ ఆఫీసులో ఎవరో చెప్పారట. నేను రాజమండ్రిలో బోటు టికెట్లు బుక్ చేసే ఆఫీసులో పదహారేళ్లు కూర్చున్నాను, ఇప్పుడు రాజోలు దగ్గర మా ఊళ్లో కొబ్బరి చూసుకుంటున్నాను. కౌంటర్‌కి ఇవతలి వైపు కూర్చుని చూసింది చెప్తాను, ఆయ్.

ముందు ఆగస్టు సంగతి తేల్చేద్దాం. ఆగస్టులో జనం ఉండరన్న మాట నిజమే. బోటు కూడా ఉండదండి. జూన్‌లో పైన వానలు మొదలయ్యాక గోదారి ఎర్రబడుతుంది, ఎర్రనీరు దిగిందంటే మాకు సీజన్ అయిపోయినట్టే, ఇక జూలై నుంచి సెప్టెంబర్ దాకా వరద ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో చూసుకుంటూ కూర్చోవడమే. మధ్యలో వరద తగ్గి నాలుగు రోజులు బోట్లకి అనుమతి ఇచ్చినా మీరు హైదరాబాద్ నుంచి టికెట్లు తీసుకుని వచ్చేసరికి మళ్లీ ఆపేయొచ్చు. ఇంకో మాట, టీవీలో ప్రమాద హెచ్చరిక అని వస్తేనే ప్రమాదం అనుకోకండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు వెళ్తున్నట్టు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు నదిలో ఉన్నది అందులో సగమే, 5 లక్షల పైచిలుకు. కింద అంత వెడల్పున్న నది కొండల మధ్యకి వచ్చేసరికి ఇరుకైపోతుంది, అదే నీరు అక్కడ సుడులు తిరుగుతుంది, రాజమండ్రి రేవులో నిలబడి చూసేవాడికి ఆ తేడా తెలీదు. ఆ రోజు ఆదివారం, హైదరాబాద్ నుంచీ వరంగల్ నుంచీ విశాఖ నుంచీ వచ్చినవాళ్లున్నారు. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు బోట్లు సరిగ్గా నడవలేదు, 2021 నవంబర్‌లో మళ్లీ మొదలయ్యాయి. కాబట్టి రేటు తగ్గించి ఇస్తామన్నా సరే ఆ మూడు నెలలూ మర్చిపోండి.

ఇప్పుడు స్కూళ్ల సంగతి. మీరు తెలంగాణ క్యాలెండర్ ఒక్కటే చూసుకుంటున్నారు, ఇక్కడ రెండు చూసుకోవాలి. దసరాకి మీ వైపు బతుకమ్మతో కలిపి సెలవులు ఎక్కువ, సంక్రాంతికి మా వైపు ఎక్కువ. రెండు చోట్లా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఎండాకాలం సెలవులు. దసరాకి మీ పిల్లల బడి తెరిచారు కదా ఖాళీగా ఉంటుందనుకుని వస్తే ఇక్కడి పిల్లలు ఇంకా ఇళ్లల్లోనే ఉండొచ్చు, ఇక్కడి బడి తెరిచాక చూస్తే హైదరాబాద్ బళ్లు ఇంకా మూసే ఉండొచ్చు. మిషనరీ స్కూళ్ల లెక్క వేరు, వాళ్లకి దసరాకి తగ్గించి క్రిస్మస్‌కి ఇస్తారు, అందువల్ల డిసెంబర్ చివరి వారం మామూలు పనిదినాల్లా కనిపించినా కాదు.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. అసలు జనం ఎక్కడ తగులుతారంటే, స్కూళ్లు నడుస్తున్న నవంబర్, డిసెంబర్‌లోనే. ఒక కారణం కార్తీకం. ఆ నెల ఆదివారాలు వనభోజనాలు, ఒక్కో సంఘం వాళ్లు, ఒక్కో కులం వాళ్లు, ఒక్కో ఆఫీసు వాళ్లు బస్సులు కట్టించుకుని వచ్చేస్తారు. సోమవారాలు పంచారామాలు. అయిదింట్లో నాలుగు, ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, మా ఉభయగోదావరుల్లోనే ఉన్నాయి కాబట్టి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది, ఆదివారం సాయంత్రం నుంచే రోడ్లు నిండిపోతాయి. మీరు దిండి వెళ్లేది పాలకొల్లు మీదుగానే కదా, కార్తీక సోమవారం పొద్దున్న పాలకొల్లు గుడి వీధి వైపు కారు తిప్పారంటే ఇక మధ్యాహ్నమే.

రెండో కారణం స్కూలు ఎక్స్‌కర్షన్లు. ఇది బయటివాళ్లకి తట్టదు. సెలవులు లేకపోతే పిల్లలు ఉండరనుకుంటారు, కానీ టీచర్లు పిల్లల్ని తీసుకొచ్చేది బడి నడిచే రోజుల్లోనే. చలి మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి సెలవులిచ్చేదాకా మంగళవారం, బుధవారం అని లేదు, ఏలూరు నుంచీ విజయవాడ నుంచీ ఖమ్మం నుంచీ తెల్లారుజామున బయల్దేరిన బస్సులు తొమ్మిదింటికల్లా బోటెక్కే గండిపోశమ్మ రేవులో వరసగా నిలబడి ఉంటాయి. పిల్లలు అల్లరి చేస్తారని చెప్పడం లేదు, వాళ్లు ఉంటేనే నాకు ముచ్చట. చిక్కు ఎక్కడంటే, స్కూలువాళ్లు బోటు బోటంతా మాట్లాడేసుకుంటారు, మిగిలిన ఒకటి రెండు బోట్లలోకి విడి కుటుంబాల్ని సర్దుతారు. పైకి చూస్తే మొత్తం జనం తక్కువే, మీరెక్కిన బోటు మాత్రం కిటకిట. బుక్ చేసేటప్పుడు "ఆ రోజుకి స్కూలు బుకింగులేమైనా ఉన్నాయా?" అని ఒక్క ప్రశ్న వేయండి, మామూలుగా దాచరు.

పగటి పూట ఏ టైముకి వెళ్తే ఖాళీగా ఉంటుందని కూడా అడిగారు. గుళ్లకీ బీచ్‌లకీ అయితే అది మంచి ప్రశ్నే, ఇక్కడ పనికిరాదు. చీకటి పడకముందే బోట్లన్నీ రేవుకి తిరిగి రావాలి, అందుకని అన్నీ పొద్దున్నే గంటా గంటన్నర తేడాలో కదులుతాయి. బయల్దేరే ముందు కంట్రోల్ రూం వాళ్లు పేర్లు, తలల లెక్క, లైఫ్ జాకెట్లు చూసుకుని వదులుతారు, అక్కడే కాస్త ఆలస్యం. అన్నీ ఒకే దారిన వెళ్లి అటూ ఇటూగా ఒకేసారి పేరంటపల్లిలో ఆగుతాయి. నేను పంపిన ఒక భీమవరం కుటుంబం కార్తీక ఆదివారం వెళ్లింది. పేరంటపల్లిలో ఆరు బోట్లు ఒకేసారి దింపితే మెట్ల మీద కదలడానికి లేక వాళ్ల మామ్మగారు కిందే కూర్చుండిపోయారట, పైన శివాలయం చూడనే లేదు. కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలు, బుట్టలు అమ్ముతుంటే వాటి దగ్గర నిలబడే సందు కూడా దొరకలేదట. తిరిగి బోటెక్కేసరికి పప్పు అయిపోయి, పులుసు, పెరుగుతో కానిచ్చారు. ఆ బోటు వాళ్లు సీట్లకంటే ఎక్కువమందికి టికెట్లు కోశారని తర్వాత తెలిసింది. మర్నాడు ఆ ఇంటాయన మా కౌంటర్ దగ్గరికొచ్చి అరిస్తే సమాధానం చెప్పుకోలేకపోయాను. అప్పట్నుంచి కార్తీక ఆదివారం ఎవరడిగినా, ముసలివాళ్లు ఉంటే వద్దని నేనే చెప్పేవాణ్ణి, ఓనర్ నా వంక గుర్రుగా చూసేవాడు.

అంటే మీ చేతిలో ఉన్నది టైము కాదు, రోజు. రోజు ఎంచుకోవడంలో కూడా మరీ తెలివితేటలు చూపిస్తే ఇంకో చోట తగులుతుంది. సంక్రాంతి దాటాక మంగళ, బుధవారాల్లో నిజంగానే జనం ఉండరు, అప్పుడు డీజిల్ ఖర్చుకి సరిపడా మనుషులు రాకపోతే బోటు తీయరు. "మీ బోటు లేదండి, ఫలానా బోటులో సర్దుతాం" అంటారు, లేదంటే రేపు రమ్మంటారు. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి రేపు అంటే ఎలా కుదురుతుంది? నా లెక్కలో శుక్రవారం బాగుంటుంది. బోటు కదలడానికి చాలినంత మంది ఉంటారు, శనాదివారాల గుంపు ఇంకా రైలెక్కి ఉండదు. శనివారం రెండో రకం. అందులోనూ రెండో శనివారం వద్దు, బడులకీ ఆఫీసులకీ సెలవు కలిసొస్తుంది. ఏ రోజైనా సరే, ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి బోటు ఖాయమేనా అని, ఎంతమంది అయ్యారని అడగండి. మీ ఫోన్ వాళ్లకి విసుగనిపిస్తే అనిపించనివ్వండి.

ఇక నెల. నా ఓటు ఫిబ్రవరికి. సంక్రాంతికి మా వైపు సంగతి తెలిసిందే, కోడిపందేలకి భీమవరం నుంచి దిండి దాకా లాడ్జీల్లో గది ఉండదు, ఉన్నా రేటు వినగానే వెనక్కి తిరుగుతారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలంటే అది వేరే ప్రయాణం, ఆ జనంలో పడటానికే రావాలి, నేనూ వెళ్తాను. ఆ వారం గడిచాక, జనవరి 26 కూడా దాటించి రండి. జనవరి పొద్దుళ్లలో గోదారి మీద పొగమంచు దట్టంగా ఉంటుంది, అది విడేదాకా బోటు వదలరు, ఒక్కోసారి పదిన్నర అయినా రేవులోనే కూర్చోవాలి. ఫిబ్రవరికి మంచు పల్చబడుతుంది, నీళ్లు తేటగా ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. ఎక్స్‌కర్షన్లు అప్పటికి చాలావరకు తగ్గిపోతాయి, ఇంటర్, టెన్త్ పిల్లలున్న ఇళ్లు పరీక్షల టెన్షన్‌లో తలుపులు వేసుకుని ఉంటాయి. కింద డెల్టాలో దాళ్వా వరి, అంటే రెండో పంట, పచ్చగా నిలబడి ఉంటుంది, కాలవల నిండా నీళ్లు ఉంటాయి. ఎండాకాలం సెలవుల్లో వచ్చేవాళ్లు చూడలేనిది ఇదే. దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు, మే నెలలో కోనసీమ అంటూ వచ్చి అడుగంటిన కాలవలు చూసి ఇదేనా కోనసీమ అని అడిగినవాళ్లు చాలామందే.

ఫిబ్రవరిలో కూడా తప్పించుకోవాల్సినవి రెండున్నాయి. మాఘమాసంలో రథసప్తమి నుంచి అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణోత్సవాలు, భీష్మ ఏకాదశి నాడు రథం. ఆ రోజుల్లో దిండి, రాజోలు, నరసాపురం ఎక్కడా గది ఆశించకండి. పైగా మాఘమాసం పెళ్లిళ్లు, రిసార్టులు పెళ్లివారితో నిండుతాయి. రెండోది శివరాత్రి. పట్టిసీమ వీరభద్రుడి దగ్గరికి ఆ రెండు మూడు రోజులు జనం పోటెత్తుతారు, బోట్లూ పోలీసులూ అందరూ అటే. ఈ రెండు పండగలూ ఏటా తేదీలు మారుతుంటాయి కాబట్టి పంచాంగం చూసుకోండి. శివరాత్రి ముందుగా వచ్చిన ఏడాది అయితే అది అయిన మరుసటి వారం నుంచి మార్చి 10 దాకా నన్నడిగితే ఏడాది మొత్తానికి అదే మంచి సమయం. మార్చి 15 అటూ ఇటూగా ఒంటిపూట బడులు మొదలవుతాయి, అప్పటికి బోటు పైడెక్కు మీద మధ్యాహ్నం కూర్చోవడం కష్టం.

మే నెల సెలవుల్లో తప్పదంటే ఒక్క జాగ్రత్త. పొద్దుటి పూట గోదారి అద్దంలా ఉంటుంది, సాయంత్రం నాలుగు దాటాక ఈదురుగాలి ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది వరదకి కాదు, సాయంత్రపు గాలికి. మబ్బు పట్టింది, ఒడ్డున ఆపుదాం అని బోటు నడిపే సరంగు అంటే, రైలు టైమైపోతోందని అతన్ని తొందరపెట్టకండి. ఆ రాత్రి రైలు అసలు పెట్టుకోకండి, మర్నాటికి పెట్టుకోండి.

దిండికి వస్తే, హౌస్‌బోటు విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. అందరూ శనివారం మధ్యాహ్నం ఎక్కి ఆదివారం దిగిపోతారు. మీరు ఆదివారం మధ్యాహ్నం ఎక్కండి. వాళ్లు సామాన్లు సర్దుకుని దిగుతుంటే మీరు కొబ్బరి బొండం తాగుతూ లోపలికి వెళ్తారు. చీకటి పడ్డాక బోటు ఎలాగూ కదలదు, రేవులో కట్టేస్తారు, కాబట్టి మీకు కావాల్సింది సాయంత్రం రెండు గంటలూ, సోమవారం పొద్దున్న ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఉండే ప్రశాంతతా. అక్కడ వశిష్ఠ గోదారికి సముద్రపు పోటూ పాటూ తెలుస్తుంది, పొద్దున్న లేచి చూస్తే రాత్రి కట్టిన మెట్టుకి నీళ్లు పైకో కిందికో జరిగి ఉంటాయి, మీ బాబుకి చూపించండి, ఆరో తరగతి వాడికి ఆశ్చర్యంగా ఉంటుంది. చించినాడ వంతెన మీద లారీల మోత మాత్రం ఏ సీజన్‌లోనూ తగ్గదు, దానికి నేను బాధ్యుణ్ణి కాను.

ఈ లెక్కన మీకు గురువారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. రైలు ఆలస్యమైతే రేవుకి తీసుకెళ్లే బోటువాళ్ల బస్సు మీ కోసం ఆగదు, కుదిరితే గురువారం పగలే వచ్చి రాత్రి పడుకోండి. శుక్రవారం పాపికొండలు. శనివారం ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బ్యారేజీ, అక్కణ్ణుంచి కోనసీమ లోపలికి. ఆదివారం దిండి. సోమవారం సాయంత్రం పాలకొల్లులో నరసాపురం బండి. పాపకి ఎన్ని రోజులు పోయినా ఫరవాలేదు, బాబుకి మూడు రోజుల బడి పోతుంది, గురువారం పగలే వస్తే నాలుగు.

జనం ఎంతుంటారో ముందే తెలుసుకోవడానికి నేను వాడే కొలబద్ద రైలు టికెట్లే. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు (2024 నవంబర్‌కి ముందు 120 ఉండేది). మీరనుకున్న శుక్రవారం రాత్రికి గౌతమిలోనూ నరసాపురం బండిలోనూ స్లీపర్ ఎలా ఉందో చూడండి. తెరిచిన రెండు మూడు రోజుల్లోనే వెయిటింగ్ లిస్టులో పడిందంటే ఆ శనాదివారాలు ఇక్కడ ఏదో ఉంది, పెళ్లి ముహూర్తమో తీర్థమో లాంగ్ వీకెండో, అది ఏంటన్నది మీకు తెలియకపోయినా ఫరవాలేదు, వారం జరుపుకోండి. వారం ముందు కూడా ఖాళీలు కనిపిస్తున్నాయంటే నిశ్చింతగా రండి. 2027 జూన్ నెలాఖరు నుంచి గోదావరి పుష్కరాలు, ఆ పన్నెండు రోజులూ దానికి అటూ ఇటూ కూడా ఈ కొలబద్దలేవీ పనిచేయవు, స్నానానికైతే రండి గాని విహారానికి కాదు.

భద్రాచలం వైపు నుంచి పోచవరంలో బోటెక్కితే జనం తక్కువా అన్నారు. మామూలు రోజుల్లో కాస్త తక్కువే. కానీ అటువైపు క్యాలెండర్ రాముడిది. ముక్కోటి, శ్రీరామనవమి, ప్రతి శనాదివారమూ దర్శనానికి వచ్చినవాళ్లు బోటు కూడా చూసిపోదామనుకుంటారు. దిండి కూడా చూడాలన్నప్పుడు మీకు అది చుట్టుదారి, వద్దు.

చివర్లో సింగపూర్ క్రూయిజ్ కూడా అడిగారు. దాంట్లో నా అనుభవం ఒకే ఒక్కసారి, మా అల్లుడు తీసుకెళ్లాడు, మే నెలలో. ఓడ దిగేదాకా చుట్టూ తెలుగే వినిపించింది, భోజనాల దగ్గర పెళ్లి పందిరిలా ఉంది. అక్కడ కూడా రెండు క్యాలెండర్లే: మన ఎండాకాలం సెలవులు ఒకటి, ఓడ బయల్దేరే ఊరి బడి సెలవులు రెండోది. సింగపూర్‌లో జూన్ నెలంతా, నవంబర్ మూడో వారం నుంచి డిసెంబర్ చివరి దాకా పెద్ద సెలవులు, మార్చిలోనూ సెప్టెంబర్‌లోనూ వారం వారం చిన్నవి. చైనీయుల కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అదీ చూసుకోవాలి. ఇవన్నీ తీసేస్తే మిగిలేవాటిలో జూలై, ఆగస్టు ఉన్నాయి, మన గోదారి బోటు ఆగిపోయే నెలలే. అందుకని ఏడాదికి రెండు ప్రయాణాలు చేసే ఓపిక ఉంటే ఫిబ్రవరిలో ఇటూ, ఆగస్టులో అటూ పెట్టుకోండి.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా. రేవులో బోటులోకి బల్ల మీద నడిచి ఎక్కాలి, ఒకరు ముందు, ఒకరు వెనక ఉండి పట్టుకోండి. కింది డెక్కులో కిటికీ పక్క సీటు అడగండి, పైన డాన్సులు పెడతారు, మైకు మోత భరించలేరు. పేరంటపల్లిలో మిగతావాళ్లు ఎగబడి దిగేదాకా ఆగి ఆఖర్న దిగండి, శుక్రవారం అయితే ఆవిడ మెట్లు మెల్లగా ఎక్కి వచ్చేదాకా బోటువాళ్లు ఆగుతారు.